మోటారు అద్దముపై పగులు

ఓరుగల్లు అనగా ఒంటిరాయి. ఏకశిలానగరమను పేరు కూడ ఆ రాతిని బట్టి వచ్చినదే. వరంగల్లు చుట్టుపట్ల ఎటు చూచినను గ్రానైటు గుట్టలు, బండలు కనిపించును. ఈ బండలను చీల్చు పనివారికి తరతరములుగా ఒక సంగతి తెలియును. బండను సమ్మెటతో ఎంత మోదినను అది కోరిన చోట చీలదు. ఒక వరుసలో చిన్న గుంటలు తొలిచి, వానిలో చీలలు దించి, ఒక్కొక్క చీలపై కొద్దికొద్దిగా కొట్టుచు పోవలెను. అప్పుడు పగులు ఒక గుంట నుండి మరియొక గుంటకు తానే దారి చేసికొని పోవును. బండను చీల్చునది దెబ్బ కాదు, పగులు. దెబ్బ దానికి దారి చూపును, అంతే.

ఈ గ్రానైటే కంకరయై రహదారి మీదికి వచ్చినపుడు కథ తిరగబడును. హైదరాబాదు నుండి జనగామ, వరంగల్లు, ములుగుల మీదుగా పోవు 163వ జాతీయ రహదారిపై కంకర లారీ వెనుక వచ్చు కారును ఊహించుకొనుడు. లారీ చక్రము క్రింద నుండి 5 గ్రాముల రాయి ఒకటి ఎగిరినది. గంటకు 90 కిలోమీటర్ల వేగముతో పోవు కారు అద్దము దానిని ఢీకొన్నచో ఆ దెబ్బ శక్తి సుమారు ఒకటిన్నర జౌలు. ఎదుటి నుండి వచ్చు బండి చక్రము ఆ రాతిని అంతే వేగముతో విసరినచో వేగము రెట్టింపగును, శక్తి నాలుగు రెట్లగును. గ్రానైటులోని క్వార్ట్జు కాఠిన్యము మోస్ కొలమానముపై 7. గాజు కాఠిన్యము 6 కంటె తక్కువ. కావున గాజుపై చిన్న నక్షత్రము వంటి గుర్తు ఏర్పడును. డ్రైవరు వ్రేలితో తడిమి చూచి, ఏమీ కాలేదని సాగిపోవును. ఆ నక్షత్రము ఏమి కాగలదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు చాల కాలము పట్టినది.

1913లో కేంబ్రిడ్జికి చెందిన చార్లెస్ ఇంగ్లిస్ అను ఇంజనీరు ఓడల ఉక్కు పలకలలోని రంధ్రములను గూర్చి లెక్క కట్టినాడు. పలకను లాగినపుడు గుండ్రని రంధ్రపు అంచున ప్రతిబలము మూడు రెట్లగును. రంధ్రము సాగి, దాని మొన సన్ననగు కొలది అది ఎన్నో రెట్లు పెరుగును. పగులు అనగా అతి సన్నని మొన గల రంధ్రమే కదా! ఆ తరువాత ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమానశాలలో పనిచేయుచున్న అలన్ గ్రిఫిత్ గాజును ఎన్నుకొన్నాడు. 1920లో తన పత్రమును సమర్పించునాటికి ఆయన వయస్సు 26 సంవత్సరములు. గాజును కరగించి సన్నని పోగులుగా లాగి వాని బలమును కొలిచినాడు. ఒక మిల్లీమీటరు కడ్డీ కంటె మూడు మైక్రానుల పోగు, సమాన వైశాల్యమునకు, సుమారు 20 రెట్లు బలముగా నిలిచినది. గాజు స్వతహాగా బలహీనము కాదు. కంటికి కనబడని గీతలు దానిని బలహీనపరచుచున్నవని దీనివలన తేలినది. గ్రిఫిత్ చూపిన మరియొక విషయము మన ప్రస్తావనకు ముఖ్యము. ఒక నియత ప్రతిబలమునకు ఒక నియత పొడవు కలదు. పగులు ఆ పొడవునకు లోబడినంత వరకు నిలిచియుండును; దాటినదా, పరుగెత్తును.

పగులు పుట్టుటను ఆపలేనపుడు చేయగలిగినది ఏమి? చరిత్రలో దీనికి రెండు సమాధానములు వచ్చినవి.

మొదటిది గాజును వేడిచేసి హఠాత్తుగా చల్లార్చుట. కరగిన గాజు చుక్కను నీటిలో జారవిడిచిన, తోక గల బిందువుగా గట్టిపడును. దాని తలపై సుత్తితో కొట్టినను చెదరదు. తోకను తుంచిన మాత్రము అంతయు పొడియై పోవును. ఇవి 1661లో రెండవ ఛార్లెస్ రాజు ద్వారా లండను రాయల్ సొసైటీకి చేరి, అందరిని ఆశ్చర్యపరచినవి. పై పొర ముందు గట్టిపడును; లోపలి గాజు తరువాత ముడుచుకొనుచు పై పొరను అన్ని వైపుల నుండి నొక్కి పట్టును. నొక్కుడులో ఉన్న గాజులో పగులు తెరచుకొనలేదు. 1874లో ఫ్రాన్సు దేశీయుడు డి లా బాస్టీ వేడి గాజును నూనె తొట్టిలో ముంచి గట్టిపరచు పద్ధతికి పేటెంటు పొందినాడు. 1930 ప్రాంతమున నూనెకు బదులు గాలి ధారలతో చల్లార్చు పద్ధతి కర్మాగారములలో స్థిరపడినది. దీనినే మనము టఫెన్డ్ గాజు అనుచున్నాము.

సరిగా ఆ కాలముననే, 1932 జూన్ నెలలో, నిజాం ప్రభుత్వ రైల్వే వారు తమ రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించినారు. తొలి డిపోలు కాచిగూడ, నార్కట్‌పల్లి, కాజీపేటలలో వెలసినవి. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఈ ప్రాంతపు కంకర రోడ్ల మీద తిరిగినవి. నేటి ఆర్టీసీలకు అదే మూలము. గుర్రపుబండి తోలువాని ముఖమునకు గాలి తప్ప అడ్డు లేదు. మోటారు వేగము వచ్చిన తరువాతనే ముఖమునకు, దారికి మధ్య గాజు అవసరమైనది. ఆ గాజుతో పాటే దాని ప్రమాదము కూడ వచ్చినది.

టఫెన్డ్ గాజు పగిలినపుడు కత్తుల వంటి ముక్కలు కాక మొక్కజొన్న గింజల వంటి మొద్దు ముక్కలగును. ముఖము చీలదు. అది దాని గొప్ప. కాని ముందు అద్దముగా దానికొక పెద్ద లోపము కలదు. రాయి ఒక్కచోట లోతుగా తగిలినను, లోపల దాగియున్న బిగువు అంతయు ఒక్కసారి విడివడి, క్షణములో అద్దము మొత్తము తెల్లని వలగా మారిపోవును. డ్రైవరునకు దారి కనిపించదు. అటువంటి సమయమున పిడికిలితో అద్దమును గ్రుద్ది కన్నము చేసికొని, బండిని ప్రక్కకు తీసినవారి కథలు పాత లారీ డ్రైవర్ల నోట వినవచ్చును. ఈ గాజునకు మరమ్మతు అనునది లేదు. తోక తెగిన బిందువును అతికించగలమా?

రెండవ సమాధానము ఒక చిత్రకారుని చేతి నుండి జారిన సీసాలో దొరికినది. ఎడ్వర్డ్ బెనెడిక్టస్ ఫ్రాన్సులో చిత్రకారుడు, అలంకార శిల్పి, రసాయన శాస్త్రమున అభిరుచి గలవాడు. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక గాజు సీసా ఎత్తున నుండి క్రింద పడినది. పగులులైతే పడినవి కాని ముక్కలు విడిపోలేదు. సీసాలో ఒకప్పుడు సెల్యులోజ్ నైట్రేటు ద్రావణము ఉండెను. ద్రవము ఎగిరిపోగా లోపలి గోడకు పలుచని పొర అంటుకొని మిగిలినది. ఆ పొర ముక్కలను పట్టి ఉంచినది. ఆయన ఆ సీసాకు చీటీ అంటించి బీరువాలో పెట్టినాడు. మోటారు ప్రమాదములలో గాజు ముక్కల వలన మనుషులు గాయపడుచున్న వార్త చదివిన తరువాతనే ఆ సీసా మరల జ్ఞప్తికి వచ్చినదని ఆయన చెప్పియున్నాడు. 1909లో పేటెంటు తీసికొన్నాడు. రెండు గాజు పలకలు, నడుమ ఒక సెల్యులాయిడ్ పొర; మూడు పొరలు కనుక దానికి ట్రిప్లెక్స్ అని పేరు.

ఇక్కడ ఒక న్యాయము పాటింపవలెను. జాన్ క్రూ వుడ్ అను ఆంగ్లేయుడు 1905లోనే ఇటువంటి మూడు పొరల గాజునకు పేటెంటు పొందియున్నాడు. కాని ఆ సరుకు అమ్ముడుపోలేదు. జారిన సీసా కథ లేనందున కాబోలు, లోకము ఆయనను మరచినది.

బెనెడిక్టస్ గాజును మోటారు వారు మొదట ఆదరింపలేదు. ధర ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధమున విషవాయువు ముసుగుల కంటి అద్దములకు వాడిన తరువాత దాని విలువ తెలిసినది. 1927 చివర వెలువడిన ఫోర్డు మోడల్ ఏ కారుకు ముందు అద్దముగా అమరినది. ఐనను ఒక చిక్కు మిగిలినది: ఎండ తగిలిన కొలది సెల్యులాయిడ్ పచ్చబడి, బుడగలు లేచి, చూపునకు అడ్డమగుచుండెను. తెలంగాణపు మే నెల ఎండలో అటువంటి అద్దము గతి చెప్పనక్కరలేదు. 1930-40 మధ్య అమెరికా రసాయన సంస్థలు పాలీవినైల్ బ్యూటిరాల్ అను ప్లాస్టిక్కును రూపొందించిన తరువాత ఈ చిక్కు తీరినది. ఇది ఎండకు రంగు మారదు, రబ్బరు వలె సాగును, గాజును గట్టిగా పట్టుకొనును. సుమారు 140 డిగ్రీల వేడిలో, పన్నెండు రెట్ల వాయుపీడనముతో మూడు పొరలను ఒకటిగా నొక్కుదురు. 1960 తరువాతి సంవత్సరములలో నడిమి పొర మందమును 0.38 నుండి 0.76 మిల్లీమీటర్లకు పెంచగా, తల తగిలినను అద్దమును చీల్చుకొని పోకుండుట చాలవరకు సాధ్యమైనది.

మన దేశమున 1989 కేంద్ర మోటారు వాహన నియమావళి దీనిని చట్టము చేసినది. ఆ నియమములు 1989 జూలైలో అమలునకు వచ్చినవి. మరి మూడేండ్ల తరువాత తయారగు వాహనముల ముందు అద్దము పొరల గాజుతోనే ఉండవలెనని నూరవ నియమము విధించినది. అద్దము గుండా నూటికి 70 వంతుల వెలుగైనను రావలెనని అందులోనే కలదు. ఈ మార్పు డ్రైవరు చూపునే కాపాడినదని తలపోయుదుము గాని, మరియొక ఫలితము కూడ కలిగినది. రాయి తగిలినపుడు పగులునది వెలుపలి పలక మాత్రమే. లోపలి పలక, నడిమి పొర చెక్కుచెదరవు. చరిత్రలో మొదటిసారిగా పగిలిన గాజునకు వైద్యము చేయు అవకాశము లభించినది.

ఆ వైద్యమునకు గడువు కలదు. వరంగల్లులో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకు రోజులు కలవు. ఎండలో నిలిపిన కారు అద్దము అంతకంటె మిక్కిలి వేడెక్కును. గాజు ఒక డిగ్రీకి తన పొడవులో పది లక్షలలో తొమ్మిది వంతులు పెరుగును. 1.4 మీటర్ల అద్దము 40 డిగ్రీల తేడాకు అర మిల్లీమీటరు పెరుగునన్న మాట. ఈ పెరుగుదల నెమ్మదిగా, అంతట సమముగా జరిగిన బాధ లేదు. కాలుచున్న అద్దముపై డ్రైవరు బకెట్టెడు చన్నీళ్ళు కుమ్మరించినపుడు పై పొర హఠాత్తుగా ముడుచుకొన జూచును, లోపలి గాజు అడ్డుపడును. 30 డిగ్రీల తేడా చాలును. పై పొరలో లాగుడు చదరపు సెంటీమీటరునకు 200 కిలోగ్రాములను మించవచ్చును. నిన్నటి వరకు గ్రిఫిత్ చెప్పిన పొడవునకు లోబడియున్న నక్షత్రము ఆ క్షణమున హద్దు దాటును. అద్దమునకు అడ్డముగా గీత పరుగెత్తును.

వాన కాలము వచ్చిన తరువాత ప్రమాదము మరియొక రూపమున వచ్చును. 1967లో అమెరికా ప్రమాణముల సంస్థలో షెల్డన్ వీడర్‌హార్న్ గాజులోని పగులు వేగమును గాలిలోని తేమను మార్చుచు కొలిచినాడు. తేమ పెరిగిన కొలది పగులు వేగము పెరిగినది. నీటి అణువులు పగులు మొన వద్దకు చేరి, సిలికాన్-ఆక్సిజన్ బంధములను ఒక్కొక్కటిగా తెంపుటకు సహాయపడుచున్నవి. కావున బండి కదలకున్నను, ఏ రాయి తగలకున్నను, జూన్ వానలో తడిసిన పగులు కొద్దికొద్దిగా పెరుగుచుండవచ్చును. ఒకనాటి ఉదయము యజమాని వచ్చి చూచి, రాత్రి ఎవరో కొట్టినారని ఇరుగుపొరుగు వారిని అనుమానించుట కలదు!

మరమ్మతు పద్ధతి 1972 ప్రాంతమున అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఫ్రాంక్ వెర్నరు, జెరాల్డ్ కైనాత్ అనువారి కృషితో వ్యాపారముగా మొదలైనది. అందలి సూత్రమును పాఠశాలలోనే చూపవచ్చును. పైరెక్స్ గాజు కడ్డీని గ్లిసరిన్ ఉన్న బీకరులో ముంచిన, ముంచినంత మేర కడ్డీ మాయమగును. రెండింటి వక్రీభవన గుణకము దాదాపు ఒకటే. వెలుగు ఒకదాని నుండి మరియొకదానికి వంగక పోవును. పగులు మెరయుట అందులో గాలి ఉన్నందువలననే. గాలి గుణకము 1, అద్దపు గాజు గుణకము 1.52. గాలిని తీసివేసి గాజునకు దగ్గర గుణకము గల పలుచని రెజిను నింపిన, మెరుపు తగ్గును. పనివాడు గుర్తుపై చిన్న గొట్టమును బిగించి, ముందు గాలిని పీల్చి, పిదప ఒత్తిడితో రెజినును ఎక్కించును. అతినీలలోహిత దీపము క్రింద కొద్ది నిమిషములలో అది గట్టిపడును. మచ్చ పూర్తిగా పోదు. పోవునని చెప్పువానిని నమ్మరాదు. ముఖ్యమైన సంగతి వేరు. సన్నని మొన నిండి, దాని అంచులు మరల కలిసి బరువు మోయును, తేమ లోపలికి పోదు.

రూపాయి బిళ్ళ కంటె పెద్దది కాని దెబ్బకు ఇది తగును. పగులు అద్దపు అంచును చేరినను, లోపలి పలక దెబ్బతిన్నను, డ్రైవరు కంటికి సూటిగా ఉన్నను మార్చివేయుటయే మేలు. రాత్రివేళ ఎదుటి దీపముల వెలుగు మిగిలిన మచ్చపై చెదరి కన్నులలో పడును. దుమ్ము, నీరు చొరబడిన పగులులోనికి రెజిను సరిగా ఎక్కదు కనుక, దుకాణము చేరువరకు పారదర్శకమైన టేపు ముక్క అంటించుట మంచిది. కొందరు గోళ్ళ రంగు పూయుదురు. వింత ఏమనగా, అందులోని ముఖ్య పదార్థము సెల్యులోజ్ నైట్రేటే. నూరేండ్లకు పైబడిన తరువాత బెనెడిక్టస్ సీసాలోని పొర మరల అద్దము చేరినదన్న మాట! కాని అది పగులులో దూరి రెజినుకు దారి మూసివేయును.

అద్దము మార్చుట ఒకప్పుడు రబ్బరు పట్టీతో జరుగు పని. పట్టీ గాడిలో తాడు పెట్టి, అద్దమును వెలుపల నుండి ఒకరు నొక్కి పట్టగా, లోపల నుండి మరియొకరు తాడును లాగుచుందురు. పట్టీ అంచు చట్రముపైకి ఎక్కును. అంబాసిడర్ కార్లకు ఇట్లే అమర్చెడివారు. ఇప్పటి కార్లలో అద్దమును పాలీయురేతేన్ జిగురుతో చట్రమునకే అతికింతురు. సన్నని ఉక్కు తీగతో పాత జిగురును కోసి, అద్దమును తీసి, చట్రమును శుభ్రపరచి క్రొత్త జిగురు పెట్టవలెను. అద్దము ఇప్పుడు కిటికీ మాత్రమే కాదు, బండి దేహములో భాగము. పల్టీ కొట్టినపుడు పైకప్పునకు ఆసరా. ఎడమ ప్రక్క సీటు ముందరి గాలిసంచి ఉబ్బునపుడు దానికి వెన్ను. అందుచేత జిగురు పని తెలియనివాని చేత చౌకగా చేయించుకొనుట కంటె పగిలిన అద్దముతో నెమ్మదిగా పోవుటయే నయము.

ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడును. పగులును పెంచిన తేమయే ఇక్కడ పని చేసిపెట్టును. అందుకు కొన్ని గంటలు పట్టును. అంతవరకు బండిని కదలింపరాదు. మూసిన కారులో తలుపును గట్టిగా వేసిన లోపలి గాలి ఒత్తిడి ఒక్కసారి పెరిగి, ఆరని జిగురు అంచున అద్దమును వెలుపలికి నెట్టవచ్చును. కావున పనివారు ఆనాటికి కిటికీ అద్దమొకటి రెండు వ్రేళ్ళు దించి ఉంచుమని చెప్పి పంపుదురు.