ఉత్తరం రాసే చేయి: బందరు తొలి కథల్లో స్త్రీ స్వేచ్ఛ

తెలుగులో తొలి కథ ఏదన్న వాదం ఇంకా తెగలేదు. చాలాకాలం ఆ పేరు గురజాడ ‘దిద్దుబాటు’కే ఉండేది. భండారు అచ్చమాంబ కథలను సంగిశెట్టి శ్రీనివాస్ సంపుటిగా వెలువరించాక 1902 వైపు చూడక తప్పలేదు. ఆ పంచాయితీలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. అచ్చమాంబ ‘స్త్రీవిద్య’లోనూ గురజాడ ‘దిద్దుబాటు’లోనూ భార్య చేతికి కలం వస్తుంది. రెండింటికీ బందరుతో చుట్టరికం ఉంది. ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తే, మన కథ వ్యక్తి స్వేచ్ఛను మొదట ఎక్కడ వెతికిందో తెలుస్తుంది.

1902 బందరుకు పెద్ద సంవత్సరం. ఫిబ్రవరిలో కృష్ణాపత్రిక మొదలైంది. అదే ఏడు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి ఆ ఊళ్లో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. సత్తిరాజు సీతారామయ్య ప్రారంభించిన ‘హిందూసుందరి’లో ‘స్త్రీవిద్య’ వచ్చిందీ ఆ సంవత్సరమే. ఎనిమిదేళ్లు గడిచాక, 1910 ఫిబ్రవరిలో, అయ్యంకి వెంకటరమణయ్య బందరు నుంచి నడిపిన ‘ఆంధ్రభారతి’లో ‘దిద్దుబాటు’ అచ్చయింది. విజయనగరం యాస బందరు అచ్చుయంత్రం మీదుగా పాఠకులకు చేరిందన్నమాట.

‘స్త్రీవిద్య’ మొత్తం ఆలుమగల సంభాషణ. భర్త జైలుకు పోబోతున్నాడు. ఎడబాటులో ఉత్తరాలు రాసుకోవాలంటే భార్యకు చదువు రావాలి. ఆమె ఒప్పుకోదు; ఆడవాళ్ల చదువు మీద లోకంలో ఉన్న అభ్యంతరాలన్నీ ఒక్కొక్కటిగా ముందు పెడుతుంది. అతను ఒక్కొక్కదానికీ జవాబు చెబుతాడు. పైకి ఇది భర్త గెలిచే వాదనే. చదువు కూడా అతని కోసమే, అతని ఉత్తరం కోసమే. అందుకే దీన్ని సంస్కరణ ప్రచారంగా తీసిపారేయడం సులువు. నేను ఒప్పుకోను. అక్షరం రాని ఆ ఇల్లాలు ఎదురు ప్రశ్నలు వేస్తూనే ఉంది. ఆమె అడగనిదే కథ ముందుకు జరగదు. పైగా ఉత్తరం అవసరమయ్యేదే భర్త ఎదురుగా లేనప్పుడు. అతను లేనిచోట ఆమె మాట ఒకటి నిలబడాలన్న ఊహ ఆ కథలోకి వచ్చేసింది. అదే ఏడాది అచ్చమాంబ రాసిన మరో కథ పేరు ‘దంపతుల ప్రథమ కలహము’. కలహమనే మాటను కథ నుదుటనే పెట్టడానికి ఆ రోజుల్లో ధైర్యం కావాలి.

‘దిద్దుబాటు’కు వచ్చేసరికి భార్యకు చదువు వచ్చేసింది. భర్త గోపాలరావు రాత్రి పొద్దుపోయి సానుల పాట విని ఇల్లు చేరతాడు. ఇంట్లో భార్య కమలిని లేదు, ఆమె రాసిన ఉత్తరం ఉంది. పుట్టింటికి వెళ్తున్నానని అందులో రాసింది. ఎదురుగా నిలబడి అడిగి ఉంటే గోపాలరావు ఏదో సర్దిచెప్పేవాడు. కాగితంతో వాదించడానికి వీల్లేదు, చదువుకోవాల్సిందే. నౌకరు రాముడికి ఆడవాళ్ల చదువు మీద అనుమానం. అతని అమాయకపు మాటల్లో ఊరంతా వినిపిస్తుంది. ఉత్తరం మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

అయితే కమలిని గడప దాటలేదు. మంచం కింద దాగి నవ్వింది. ఆ నవ్వు పాఠకుడికి హాయినిస్తుంది. కానీ ఆమె నిజంగా వెళ్లి ఉంటే కథ ఏమయ్యేదో అన్న ప్రశ్న నన్ను వదలదు. రచయిత ఆమెకు వెళ్లే మాట ఇచ్చాడు, వెళ్లే దారి ఇవ్వలేదు. స్వేచ్ఛ అక్కడ భర్తను దిద్దే సాధనంగానే ఆగింది. ఆమె బతుకు ఆమెది అన్నదాకా సాగలేదు.

ఈ లోటును అచ్చమాంబ జీవితం పక్కన పెట్టి చూడాలి. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టి, పదేళ్లకే పెళ్లయి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే ఆయనతోపాటు చదువు నేర్చుకున్న మనిషి ఆమె. కన్నబిడ్డలను పోగొట్టుకున్నారు. అయినా ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు, సమాజాలు పెట్టారు, 1905లో ముప్పై ఏళ్లకే వెళ్లిపోయారు. ఆమె కథలోని భార్య భర్తకు ఉత్తరం రాయడానికి అక్షరాలు దిద్దాలి; ఆమె మాత్రం ఆ అక్షరాలతో ఊరూరి ఆడవాళ్లను ఒక చోటికి పిలిచారు. ఆ వేగం ఆమె కథల్లోకి పూర్తిగా దిగేంత ఆయుష్షు దక్కలేదు.

ఎవరి మాట వారిదిగా ఉండాలన్న ఈ వెతుకులాట కథల బయటా సాగింది. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి, పెళ్లి తంతు వధూవరులకు అర్థమయ్యేలా ‘వివాహవిధి’ని తెలుగులో రాశారు. అది కథ కాదు గాని, అందులోని ప్రశ్న ఈ కథలకు దగ్గరిదే: తనకు తెలియని మాటకు మనిషి ఒప్పుకున్నట్టా?

ఉత్తరం కూడా ఆ రెండు కథలతో ఆగలేదు. కృష్ణ ఆవలి గట్టున బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ ‘గృహలక్ష్మి’లో ‘శారద లేఖలు’ రాశారు. ‘స్త్రీవిద్య’లో భర్త కోసం, ‘దిద్దుబాటు’లో భర్త మీద రాసిన ఉత్తరం, శారద చేతిలో కల్పలత అనే స్నేహితురాలి పేరిట వెళ్లింది.