వీటీసీ గ్యాలరీలో బండ మాట

ఇల్లందు దగ్గర 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ పట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టింది. ఇవి మన ప్రతి సావనీరులోనూ ఉండేవే. ఇక శిక్షణ సంగతికొస్తే, తరాల తరబడి కొత్త కూలీకి బాయిలో, అంటే గనిలో, బడి ఎక్కువగా పక్కన బొగ్గు నింపే పెద్ద ఫిల్లరే. గనుల వృత్తి శిక్షణ నియమాలు వచ్చింది 1966లో. అప్పట్నుంచి బాయి దిగాలంటే ముందు వీటీసీ (వృత్తి శిక్షణ కేంద్రం) గడప తొక్కాల్సిందే. ఐదేళ్లకోసారి రిఫ్రెషర్‌కీ రావాలి.

వీటీసీలోని శిక్షణ గ్యాలరీ నిజం బాయి కాదు, కట్టిన సొరంగం. పట్టాలు, టబ్బు, హాలర్ తాడు, సేఫ్టీ ల్యాంపు అన్నీ ఉంటాయి. చూడ్డానికొచ్చినవాళ్లు దాన్ని మ్యూజియం అంటారు. లోపలికి పంపేముందు శిక్షకులు అందరి జేబులూ తడుముతారు, బీడీ, అగ్గిపెట్టె బయటే. ల్యాంపు వత్తి తగ్గించి, గ్యాసుంటే మంట నెత్తిన లేత నీలం ఎలా లేస్తుందో చెబుతారు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు.

నాకు మాత్రం అక్కడి అసలు పాఠం చెవికి సంబంధించింది. ఇనప కడ్డీతో రూఫ్‌ని, అంటే నెత్తి మీది బండని, కొట్టాలి. ఖంగుమంటే బండ గట్టిదే. డొల్లగా, పగిలిన కుండలా పలికితే ఆ బండ పొర విడిపోయినట్టు. దాని కింద నిలబడకూడదు. కొట్టేటప్పుడు రెండో చేతి వేళ్లు బండకి ఆనించి ఉంచితే, చెవికి అందని అదురు వేళ్లకి తెలుస్తుంది. కొత్తవాళ్లు కడ్డీ వైపు చూస్తారు, పాతవాళ్లు తల పక్కకి వంచుతారు.

రూఫ్‌ని మోసే టింబర్ దుంగకీ భాష ఉంది. బరువు దిగితే ముందు కిర్రుమంటుంది, తర్వాత పెళపెళమంటుంది. పరిగెత్తడానికి ఆ చప్పుడు చాలు. ఇప్పుడు దుంగల బదులు రూఫ్ బోల్టులు. అవి బలమైనవే, నేనేమీ వాటికి వ్యతిరేకిని కాను. కానీ దుంగ చెప్పినట్టు అవి చెప్పవు. కనుక బండ కొట్టి వినే పని ఇంకా పెరిగిందే కానీ తగ్గలేదు.

అందుకే గ్యాలరీలో నాలుగు గజాలైనా దుంగల మీదే నిలపాలి. ఆ దుంగలు నిలిపి రిటైరైన టింబర్‌మెన్ ఇంకా ఊళ్లలో ఉన్నారు. నెలకో పూట పిలిచి, కడ్డీ వాళ్ల చేతికిచ్చి, కొత్త బ్యాచ్‌ని పక్కన నిలబెట్టాలి. ఖర్చు టీ నీళ్లంత.