ఇంటి దీపాల వైరింగు: ఫ్యూజు తీగ నుంచి ఆర్‌సీసీబీ దాకా

దీపాల సర్క్యూట్‌కు రక్షణ అవసరమన్న సంగతి విద్యుద్దీపంతో పాటే తెలిసింది. కరెంటు మితిమీరితే ముందుగా తానే కరిగిపోయే సన్నని తీగకు ఎడిసన్ 1880లోనే పేటెంటు పొందాడు. అది కాపాడింది దీపాన్నీ వైరునీ. మనిషిని కాపాడే పరికరం రావడానికి ఇంకో డెబ్బయ్యేళ్లు పట్టింది.

పాత ఇళ్లలో టేకు చెక్క బద్దీల మీద వైర్లు, చెక్క మెయిన్ బోర్డు మీద పింగాణీ ఫ్యూజులు ఉండేవి. ఎలక్ట్రీషియన్లు వీటిని కిట్‌క్యాట్ ఫ్యూజులంటారు. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ కరగాలంటే దాదాపు దానికి రెట్టింపు కరెంటు కావాలి. పైగా రాత్రిపూట ఫ్యూజు పోతే చేతికందిన రాగి తీగను రెండు మూడు పోగులు మెలేసి చుట్టేవారు. ఆ ఫ్యూజు మళ్లీ పోయేది కాదు. కాలితే గోడ మీది వైరే కాలాలి.

న్యూట్రల్‌కు కూడా ఫ్యూజు పెట్టడం మరో పాత అలవాటు. ఆ ఫ్యూజు పోతే దీపం ఆరిపోతుంది కానీ, హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. ఎర్త్ చేసిన న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండకూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమాలు చెప్పినా, పాత బోర్డుల్లో అది చాలాకాలం మిగిలింది.

జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ సంస్థ 1924లో పేటెంటు చేసిన స్విచ్చు ఇప్పటి ఎంసీబీకి మూలం. ఓవర్‌లోడు అయితే అందులోని ద్విలోహపు పట్టీ వేడెక్కి వంగుతుంది. షార్ట్ సర్క్యూట్ అయితే తీగచుట్ట క్షణంలో స్విచ్చును లాగేస్తుంది. ఇందులో మెలెయ్యడానికి తీగే లేదు. అసలైన మేలు అదే. భారతీయ ప్రమాణం ఐఎస్ 732 ప్రకారం లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్‌కు 10 పాయింట్లు, 800 వాట్లు మించకూడదు. 230 వోల్టుల దగ్గర అది మూడున్నర ఆంపియర్లు కాబట్టి 6 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతుంది.

అయితే మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు; ఎంసీబీకి అది తెలియనే తెలియదు. ఎర్త్ వైరులో వోల్టేజి కనిపెట్టే పాత ఈఎల్‌సీబీ, ఎర్తింగ్ చెడితే పనికిరాదు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని లెక్కచూసే పద్ధతిని 1950లలో ఆస్ట్రియాలో బీగెల్‌మయర్, 1961లో కాలిఫోర్నియాలో డాల్జీల్ ఇంటి వాడకానికి తగ్గట్టు తీర్చిదిద్దారు. ఆ పద్ధతిలోనే పనిచేసే నేటి ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే ట్రిప్ అవుతుంది. జనం నోట దాని పేరు ఇప్పటికీ ఈఎల్‌సీబీయే.

పాత ఇంట్లో దీన్ని బిగించగానే లైటు వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుంటే, పరికరం చెడిందని తీసేయడం మామూలు. చాలాసార్లు తప్పు వైరింగుది: ఒక సర్క్యూట్ లైటుకు వేరే సర్క్యూట్ న్యూట్రల్ కలిపి ఉంటుంది. న్యూట్రళ్లను విడదీసి, దీపాల లైన్లలోనూ ఎర్త్ వైరు లాగితే గానీ పని పూర్తి కాదు. 60 వాట్ల బల్బు చోట 9 వాట్ల ఎల్‌ఈడీ వచ్చాక లోడు తగ్గింది. కానీ చాలా లైట్లు ఒకేసారి వేస్తే వాటి డ్రైవర్లు క్షణకాలం లాగే కరెంటుకు బీ రకం ఎంసీబీ పడిపోవచ్చు. అక్కడ ఆ క్షణికమైన కరెంటును ఓర్చుకునే సీ రకం వాడతారు. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉంటే, తడిసిన గీజరు వల్ల కూడా అన్ని గదులూ చీకటవుతాయి. అందుకే కొత్త బోర్డుల్లో దీపాల సర్క్యూట్‌కు విడిగా, ఎంసీబీ, ఆర్‌సీసీబీల పని రెండూ చేసే ఆర్‌సీబీఓ పెడుతున్నారు.