ఏడేళ్లు ఆగిపోయిన మన గుణుపూర్ బండి



గుణుపూర్ నుంచి విశాఖపట్నం బండెక్కి చదువుకోడానికి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన గ్రూపులో ఉన్నారు. ఆ లైను ఒకప్పుడు మూసేశారని మీలో ఎంతమందికి తెలుసు? అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈ లైను మన కోసం వేసింది కాదు. మద్రాసు, కలకత్తా మధ్య పెద్ద రైలు నౌపడా మీదుగా పోయేది. పర్లాకిమిడి రాజావారు తన ఊరిని దానితో కలుపుకోవాలనుకున్నారు. సుమారు 40 కిలోమీటర్ల నేరో గేజ్ వేయించారు. 1900 ఏప్రిల్ 1న బండి మొదలైంది. మొదట్లో నష్టాలే. తర్వాత లాభాలొచ్చాక వంశధార లోయలోకి పొడిగించారు. 1931కి గుణుపూర్ చేరింది. మొత్తం 90 కిలోమీటర్లు.

అదే 1931లో ఇంకోటి జరిగింది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసి, సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలన్న గిడుగు రామమూర్తి గారి సవర వ్యాకరణం ఆ ఏడే అచ్చయింది. మన కొండల అంచుకి రైలూ, మన భాషకి పుస్తకమూ ఒకే ఏడు వచ్చాయన్నమాట.

1936లో ఒడిశా వేరైంది. నౌపడా, టెక్కలి, పాతపట్నం ఇటు; పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ అటు. సవరలు రెండు వైపులా మిగిలారు. పట్టాలు మాత్రం తెగలేదు. రాజు కోసం వేసిన బండి మెల్లగా సంతలకీ, చుట్టపుచూపులకీ వెళ్లే మనోళ్ల బండి అయిపోయింది.

కానీ అసలు ఇబ్బంది గేజ్. చిన్న పట్టాల వెడల్పు 762 మిల్లీమీటర్లు, పెద్ద పట్టాలది 1676. ఆ బండి నౌపడా దాటి ముందుకు పోలేదు. మనుషులు దిగి మారాలి, సరుకు దించి మళ్లీ ఎక్కించాలి. అందుకే బ్రాడ్ గేజ్ అడిగారు. 2002లో శంకుస్థాపన అయింది. 2004 జూన్‌లో చిన్న బండి ఆగిపోయింది. పెద్ద బండి పర్లాకిమిడికి 2010 ఆగస్టులో, గుణుపూర్‌కి 2011 జూలైలో వచ్చింది.

రికార్డుల్లో దీన్ని గేజ్ మార్పిడి అంటారు. గుణుపూర్ వాళ్లకి మాత్రం అది ఏడేళ్లు రైలు లేకపోవడం. 2004లో ఆరో తరగతిలో చేరిన పిల్ల, బండి తిరిగొచ్చేసరికి ఇంటర్ దాటేసింది. ఆ ఏడేళ్లూ బస్సు ఛార్జీలు ఎవరు కట్టారు, ఎంతమంది చదువు మానేశారు? ఈ లెక్క ఎవరూ రాయలేదు.

అయినా లైను తిరిగొచ్చింది, అదీ ముఖ్యమే. మూసేసిన చాలా చిన్న లైన్లకి ఆ అదృష్టం లేదు. ఇప్పుడు నౌపడాలో దిగక్కర్లేదు, నేరుగా విశాఖ వెళ్లొచ్చు. గుణుపూర్ నుంచి తెరుబలి దాకా కలిపితే రాయగడ లైను అందుతుంది, లోపలి కొండల వాళ్లకీ దారి దొరుకుతుంది. ఇటు సీతంపేట ఏజెన్సీకైతే ఇప్పటికీ రైలు లేదు.

నాకు అర్థమైంది ఒకటే. లైను వేసేటప్పుడు మనల్ని అడగలేదు, ఆపేటప్పుడూ అడగలేదు. ఇకపై అడిగించుకోవాలంటే మన లెక్క మన దగ్గర ఉండాలి. మీ ఇంట్లో పెద్దోళ్లని అడగండి: చిన్న బండిలో ఎక్కడికెళ్లేవారు, ఏం అమ్ముకునేవారు, ఆ ఏడేళ్లు ఎలా గడిపారు? విన్నది కింద రాయండి. సవరలో రాసినా సరే.

జై ఆదివాసీ.