ఆకుపచ్చ తీగ కథ

నేను సాఫ్టువేరు వాణ్ణి. కరెంటు పనితో నాకున్న పరిచయమల్లా చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె ప్లగ్గుకి పైనుండే లావుపాటి పిన్ను పీకేసి రెండు పిన్నుల సాకెట్లో గుచ్చడం దాకానే. ఆ పిన్ను ఎర్తుదనీ, అది లేకపోతే ఏమవుతుందనీ మా ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు. ఆ పిన్ను మళ్ళీ పోయిన వేసవిలో, సియాటిల్లో లేక్ యూనియన్ ఒడ్డున గుర్తొచ్చింది.

మా ఆఫీసులో ఓ పెద్దాయన 1970ల నాటి ఫైబర్‌గ్లాసు పడవ కొన్నాడు. (పాత పడవ కొనడమంటే ఏనుగుని కొన్నట్టే, మేత వేస్తూనే ఉండాలి.) కట్టేసి ఉన్నప్పుడు పడవకి రేవు నుంచి ఓ లావుపాటి వైరుతో 120 వోల్టుల కరెంటు వస్తుంది. ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తోంది, ఓసారి చూడమన్నాడు. అది తేలిగ్గానే దొరికింది. పిన్నులు చిలుము పట్టి నల్లబడ్డాయి. అక్కడ 0.1 ఓమ్ నిరోధం ఉన్నా చాలు, 25 ఆంపియర్లు లాగితే 62 వాట్ల వేడి పుడుతుంది. ప్లగ్గులో సోల్డరింగ్ ఐరన్ దాచుకున్నట్టే! ప్లగ్గూ సాకెట్టూ మార్చేశాం. అయితే విప్పినప్పుడు ఇంకోటి బయటపడింది. లోపల ఆకుపచ్చ ఎర్తు తీగని ఎవరో కత్తిరించి, కొసకి శుభ్రంగా టేపు చుట్టి పెట్టారు. ఊడిపోయిన తీగకి ఎవరూ టేపు చుట్టరు కదా.

ఎందుకు చేశారో తెలియాలంటే 1761కి వెళ్ళాలి. ఆ ఏడాది బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగిరేకులు తొడిగింది, చెక్కని తొలిచే పురుగుల బాధ తప్పించుకోడానికి. ఓడ వెస్టిండీస్ తిరిగొచ్చాక 1763లో చూస్తే రాగి బానే ఉంది, రేకుల్ని పట్టి ఉంచిన ఇనప మేకులు మాత్రం తుప్పు ముద్దలైపోయాయి. కొన్ని మేకులు చెక్కుచెదరలేదు. రేకులు చుట్టి పంపిన కాయితాన్ని అక్కడక్కడా తియ్యకుండా అలాగే దిగ్గొట్టేశారట. కాయితం అడ్డున్నచోట రాగీ ఇనుమూ తాకలేదు. బద్ధకం సైన్సుకి చేసిన సేవల్లో ఇదొకటి. వోల్టా బ్యాటరీ 1800లో గానీ రాలేదు కాబట్టి, తమ ఓడ అడుగే ఓ బ్యాటరీ అయిందని వాళ్ళకి తెలిసే వీల్లేదు.

1824లో హంఫ్రీ డేవీ ఇదే సూత్రాన్ని తిరగేశాడు. రాగికి ఓ జింకు ముక్కో ఇనప ముక్కో తగిలిస్తే అది కరుగుతూ రాగిని కాపాడుతుంది. లెక్క కుదిరింది, రాగి కరగడం ఆగింది. దాంతో ఓడలకి నాచూ గుల్లలూ విపరీతంగా పట్టేశాయి, ఎందుకంటే వాటిని దూరంగా ఉంచేది ఆ కరిగే రాగే! నౌకాదళం ఆ పద్ధతిని వదిలేసింది. బగ్గు సరిచేస్తే ఫీచరు పోయిందన్నమాట. మా వృత్తిలో ఇది వారానికోసారి జరుగుతుంది.

జింకు ఆలోచన మాత్రం బతికింది. ఇవాళ్టికీ ప్రొపెల్లరు దగ్గర జింకు దిమ్మలు బిగిస్తారు. (మంచినీళ్ళలో మెగ్నీషియమో అల్యూమినియమో మేలు.) చిక్కల్లా రేవు కరెంటుతో వచ్చింది. ఎర్తు తీగ పడవలోని లోహాలన్నిటికీ కలిసి ఉంటుంది. అదే తీగ పక్క పడవకీ, ఆ పక్కదానికీ వెళ్తుంది. కింద ఎలాగూ నీళ్ళున్నాయి. ఇంకేం, రేవంతా ఒక పెద్ద బ్యాటరీ. మన జింకు ఊళ్ళోవాళ్ళ లోహాలన్నిటికీ కాపలా కాస్తూ నెలల్లో అరిగిపోతుంది. విసుగెత్తిన పడవల వాళ్ళు కొందరు చేసుకున్న సొంతవైద్యమే ఆ తీగ కత్తిరించడం. జింకు నిజంగానే నిలుస్తుంది కూడా.

క్లాంప్ మీటరు తెచ్చి మొత్తం వైరు చుట్టూ పెట్టాం. వెళ్ళిన కరెంటంతా అదే వైరులో తిరిగొస్తే సున్నా చూపాలి. అర ఆంపియరు పైనే చూపింది. ఎర్తు లేదు కాబట్టి అదంతా తిరిగి వెళ్తున్నది చెరువు నీళ్ళలోంచే. బ్రేకర్లు ఒక్కొక్కటే ఆపుతూ పోతే నీళ్ళ హీటరు దగ్గర సున్నాకొచ్చింది. లోపల ఎలిమెంటు పగిలింది. ఉప్పునీళ్ళు మన ఒంటికంటే బాగా కరెంటుని మోస్తాయి. మంచినీళ్ళలో మాత్రం మనిషి ఒళ్ళే తేలిక దారి. పదుల మిల్లీ ఆంపియర్లు చాలు, కండరాలు బిగుసుకుపోయి గజ ఈతగాడు కూడా మునిగిపోతాడు. శవపరీక్షలో సాధారణంగా ఏ గుర్తూ ఉండదు, మామూలు మునక కింద రాసేసుకుంటారు. అమెరికా విద్యుత్ నియమావళి 2011లో, రేవుల్లో లీకు 100 మిల్లీ ఆంపియర్లు దాటితే కరెంటు కోసేసే రక్షణ ఉండాలంది. 2017లో దాన్ని 30కి దించింది. మా దగ్గరున్నది అర ఆంపియరు, అంటే 500. ఆ పొద్దున్నే పక్క పడవవాళ్ళ పిల్లలు ఆ రెండు పడవల మధ్యే దూకి ఆడుకుంటుంటే నేను కాఫీ తాగుతూ చూశాను.

నిజానికి ఆ తీగ కొయ్యనక్కర్లేదు. దాని మధ్యలో పెట్టే ఓ చిన్న డబ్బా దొరుకుతుంది. అందులో ఉండేవి ఎదురెదురుగా పెట్టిన డయోడ్లు. లోహాల మధ్య పుట్టే వోల్టేజి ఒక వోల్టు లోపే. ఆ డయోడ్లు 1.2 దాకా కదలవు, 120 వోల్టుల లీకు వస్తే మాత్రం దారిచ్చేస్తాయి. అలారం మేకుల మీది కాయితమే, కాకపోతే ఆపదలో పక్కకి తప్పుకునే కాయితం.

లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిచి తీగ కలిపించి, డబ్బా పెట్టించి, ఎలిమెంటు మార్పించాడు పెద్దాయన. మళ్ళీ మీటరు పెడితే సున్నా. ఆ మీటరు నాకింకా తిరిగివ్వలేదు. పక్క పడవవాళ్ళ వైరుకి కూడా ఓసారి పెట్టి చూస్తానని అడగడానికి వెళ్ళాడు.