జేజుద్వీప కథకుఁడు హ్యోన్ గియోంగ్

కొరియాభాషలో 'సామ్చోన్' అను పదమునకుఁ బినతండ్రి యనుట రూఢార్థము. 'సామ్' అనఁగా మూఁడు; 'చోన్' అనఁగా బంధుత్వమును లెక్కించు మెట్టు. తనకు మూఁడుమెట్ల దూరమున నున్న పురుషుఁడు సామ్చోన్. కాని యా దేశమునకు దక్షిణమున సముద్రమధ్యమందున్న జేజుదీవిలో నీ పదమునకు వ్యాప్తి హెచ్చు. అచ్చట నూరిపెద్దలను, వరుసగలవారైనను లేనివారైనను, పురుషులైనను స్త్రీలైనను, సామ్చోన్ అనియే పిలుతురు. 1978లో హ్యోన్ గియోంగ్ 'సూని సామ్చోన్' అను కథను బ్రకటించినపుడు, సియోలునగరపు పాఠకుఁ డది మగవానినిగూర్చిన కథ యనుకొనుట సహజము. కథానాయిక యేఁబదియేండ్లు దాఁటిన రైతుస్త్రీ. ఆంగ్లములోనికి మార్చినవారిలోఁ గొందఱు దీనిని 'సూని యత్త' యని దిద్దిరి. అర్థము సుగమమైనది గాని, యీ కథ యే నేలదో చెప్పు మొదటి సాక్ష్యము తొలఁగిపోయినది.

ప్రాంతీయతను నవలలకు వన్నెపెట్టు నలంకారముగా నెంచుట విమర్శకులకుఁ బరిపాటి. హ్యోన్ రచనలయందుఁ బ్రాంతీయత యలంకారము గాదు. గ్రంథములు చెప్పరాని కాలమున, దీవిలోని పలుకును, పొలమును, పితృకార్యమును చరిత్రను దాఁచియుంచెను. అతఁడు వానిని సాక్ష్యముగా నిలిపెను.

జేజు యగ్నిపర్వతజన్యమైన దీవి. నడుమ 1,950 మీటరుల యెత్తున హల్లాపర్వతము నిలిచియున్నది. కురిసిన వాన నల్లఱాతినేలలో నింకిపోవుటచే వరి పండుట దుర్లభము. బార్లీ, కొఱ్ఱలు, చిలగడదుంపలు జనుల కాహారముగా నుండెను. పొలముగట్లు ఱాతిగోడలు. స్త్రీలు సముద్రమున మునిఁగి నత్తలను, నాచును దెచ్చి కుటుంబములను బోషించిరి. రాజులకాలమున నీ దీవి ప్రవాసశిక్ష నొందిన యుద్యోగులను బంపుచోటు. భాషయును వేఱు. 1446లో సేజోంగురాజు ప్రకటించిన లిపిలోని యొక యచ్చు ప్రధానభూమిలో నశించినను, జేజువృద్ధుల నోట నిలిచినది. 2010లో యునెస్కో యీ భాషను విలుప్తమగుటకు మిక్కిలి చేరువైనవానిలోఁ జేర్చెను.

హ్యోన్ 1941లో నీ దీవియందే జన్మించెను. సియోలు విశ్వవిద్యాలయమున నాంగ్లభాషాబోధన మభ్యసించి, పాఠశాలలో నుపాధ్యాయుఁడుగా నుండి, 1975లో దొంగా ఇల్బో పత్రికవారి పోటీయందు 'తండ్రి' యను కథతో రచయితగాఁ బ్రవేశించెను. అతని బాల్యమునఁ బుట్టిన యూరు 1948నాఁటి దహనములలో బుగ్గియైనది.

ఆ దహనముల కారణమును దెలియక యతని కథలు బోధపడవు. 1947 మార్చి 1వ తేదీని పోలీసుల కాల్పులలో నార్వురు మరణింపఁగా దీవిలో నలజడి ప్రబలెను. 1948 ఏప్రిల్ 3వ తేదీని వామపక్షీయులైన సాయుధులు, దేశవిభజనమును స్థిరపఱచు నెన్నికల నెదిరించుచు, పోలీసుఠాణాలపైఁ బడిరి. ఆ శరత్తునుండి సైన్యము తీరమునకు 5 కిలోమీటరులకు లోపలనున్న పల్లెలను గాల్చివేయసాగెను. ఉత్తరమునుండి పాఱివచ్చినవారితో నేర్పడిన వాయవ్య యువజనసంఘము క్రూరతకుఁ బేరుపడెను. 1949 జనవరి 17వ తేదీని, ఇద్దఱు సైనికులు మాటుదెబ్బకుఁ జచ్చిరను కోపముతో, సైన్యము బుక్‌చోన్ గ్రామపు టిండ్లను దగులఁబెట్టి, జనులను బడియావరణమునకుఁ దోలి, గుంపులుగాఁ బొలములకుఁ గొనిపోయి కాల్చెను. మృతులు సుమారు 300 మంది. దీవి మొత్తమున 25,000 మొదలు 30,000 వఱకు జనులు నశించియుందురని 2003నాఁటి ప్రభుత్వనివేదిక యంచనా వేసెను; అది నాఁటి జనసంఖ్యలో నించుమించు పదియవవంతు.

పిమ్మట నోరు మెదపఁగూడదాయెను. 1954లో బుక్‌చోన్‌వాసు లొక సైనికుని యంత్యక్రియల సందర్భమున దమవారిని దలఁచుకొని బిగ్గరగా నేడ్చినందులకు, ఇఁక నట్లు చేయమని గ్రామపెద్దలు వ్రాసి యీయవలసివచ్చినది. అయినను ఆబ్దికములు నిలువలేదు. చాంద్రమానమున పండ్రెండవ నెల పదునెనిమిదవ రాత్రి, ఊరిలోఁ బెక్కిండ్ల నొక్కమాఱే పితృకార్య మారంభమై, ఇంటింట నేడ్పు వినవచ్చుచుండెను. ఇందఱికి నొక్కటే తిథి యెట్లు కలిగెనని యడుగు పరదేశి కొక్కఁడే ప్రత్యుత్తరము.

'సూని సామ్చోన్' కథ యా రాత్రినే జరుగును. సియోలులో స్థిరపడిన యొకఁడు తాత యాబ్దికమునకు వచ్చి, కొలఁదినాళ్లకుఁ బూర్వము తన యింట వంటపనికై యుండిపోయిన సూని సామ్చోన్ మరణించెనని వినును. వెనుక నామె పలుకు సియోలు కోడలికి బోధపడకపోవుటయు, అన్నము తినుటనుగూర్చి యపార్థములు పుట్టుటయు జరిగియుండెను. ఆమె విషము త్రాగి పడియున్నచోటు తన పొలమే. ముప్పదియేండ్ల క్రింద నామె యిద్దఱు బిడ్డలు నచ్చటనే కాల్పులలోఁ జచ్చిరి. ఆమె శవములక్రింద బ్రతికి బయటఁబడినది. ఆ పొలమునే మరల దున్నుకొని, కలుపుతోఁ బాటు నెముకలను, తుపాకిగుండ్లను ఏఱివేయుచు నామె జీవించినది. ఆ మొదటియేఁడు చిలగడదుంపలు మిక్కిలి లావుగా నూరినవను వాక్యము కథ కంతకును గుండెకాయ.

మఱియొక ఘట్టము భాషాశాస్త్రజ్ఞులు గమనింపఁదగినది. కథకుని మేనత్తభర్త వాయవ్య యువజనసంఘపు మనిషి; దీవిపిల్లను బెండ్లాడి, ముప్పదియేండ్లు జేజుపలుకే పలికినవాఁడు. ఆనాఁటి సంగతిపై వాదము ముదిరి తనవారిని సమర్థింపఁబోవఁగా, నతని నోట నుత్తరదేశపు టుచ్చారణ యాకస్మికముగా వెలువడును. కూర్చున్నవారికి నింటల్లుఁడు పోయి పాతసైనికుఁడు కనఁబడెను. అభియోగవాక్య మొక్కటియు వ్రాయక యుచ్చారణభేదముతో నేరస్థుని జూపుట మహారచయితకే సాధ్యము. చుట్టములు కూర్చుండి తర్కించు భాగమున మాత్రము కథ కొంత వ్యాసమువలె సాగిలపడినదనుట సత్యము.

1979లో కథాసంపుటము వెలువడఁగా హ్యోన్‌ను నిర్బంధించి చిత్రహింసలు పెట్టిరి, పుస్తకము నిషిద్ధమయ్యెను. 2000లోఁ బ్రత్యేకచట్టము వచ్చెను. 2003లో దేశాధ్యక్షుఁడు రో మూహ్యోన్ దీవిప్రజలకు క్షమాపణము చెప్పెను. 2025లో నీ సంఘటన పత్రములను యునెస్కో ప్రపంచస్మృతిపట్టికలోఁ జేర్చినది.

అతని తక్కిన గ్రంథములును దీవిని విడువలేదు. 1901నాఁటి తిరుగుబాటునుగూర్చి 1983లో నొక నవలయు, 1932లో సముద్రస్త్రీలు జపానువారి నెదిరించిన వృత్తాంతమునుగూర్చి 1989లో మఱియొకటియు, బాల్యస్మృతులతో 1999లో వేఱొకటియు వెలువడెను. 2023లో మూఁడు సంపుటములుగా వచ్చిన నవలకు 'జేజుదో ఉదా' యని పేరు. 'ఇది జేజుదీవియండీ' యని యర్థము. చివరనున్న 'ఉదా' సియోలువారి వ్యాకరణములలోఁ గానరాని గౌరవప్రత్యయము.