ఆటలో అజ్ఞాతవాసం: ఓరుగల్లు వీధి నుండి వీడియో ఆటల యానిమేషన్ ధారావాహికల దాకా

హనుమకొండలోని సుబేదారి పేరు నిజాం పాలనలో వరంగల్ సుబాను ఏలిన సుబేదారు నివాసం వల్ల ఏర్పడింది. అక్కడి విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలకు కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఓరుగల్లు, ఆటలు ఆడటాన్ని కాక ఆటలు చూడటాన్ని వస్తువుగా చేసుకొన్న ఒక ప్రాచీన కావ్యానికి రంగస్థలం. క్రీడాభిరామ కర్తృత్వం వినుకొండ వల్లభరాయనిదా శ్రీనాథునిదా అన్న చర్చ ఎంతో సాగింది. ఆ కావ్యంలోని ప్రేక్షకత్వం మీద అంత చర్చ సాగలేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు రోజంతా నగరం తిరుగుతారు. పొట్టేళ్ల పోరు, కోడిపందెం చూస్తారు. ఒక్క ఆటా ఆడరు. పందెంలో కూలిన కోడిని సమరవీరునిగా సంబోధించి విలపించే పద్యంలో పరిహాసమూ ఉంది, చూసేవాడు ఆ కోడిపై పెంచుకొన్న మమకారమూ ఉంది. పోటీ వీడియో ఆటలను కథావస్తువుగా తీసుకొన్న యానిమేషన్ ధారావాహికలు నేటి యువతను ఎందుకు ఆకర్షిస్తున్నాయన్న ప్రశ్నకు చరిత్ర వెదకవలసింది ఇటువంటి చోటనే.

ఆ మిత్రులకు అదే వీధులలో మరొక దృశ్యం కూడా ఎదురవుతుంది. పల్నాటి వీరుల చరిత్రను పలక మీద చిత్రించి ఉంచగా, ఒక స్త్రీ ఆ కథను గానం చేస్తుంది. చిత్రమూ స్వరమూ కలిసి వరుసగా కథ చెప్పే ఈ పద్ధతి తెలంగాణలో చేర్యాల నకాషీ పటాల రూపంలో ఇప్పటికీ బ్రతికి ఉంది. అంతకంటె ముఖ్యమైనది ఆ పలక మీది కథ. పల్నాటి కథ మలుపు తిరిగేది కోడిపందెం దగ్గర. మాచర్ల పక్షం ఓడి ఏడేళ్ల ప్రవాసానికి వెళుతుంది. గడువు తీరిన తరువాత రాజ్యభాగం అడగడానికి వచ్చిన అలరాజు విషప్రయోగానికి బలి కావడం, కారెంపూడి యుద్ధం వరుసగా వస్తాయి. బాలచంద్రుడు యుద్ధానికి కదలడానికి కారణం కూడా ఒక ఆటే. బొంగరం తగిలిన స్త్రీ ఎత్తిపొడుపు మాటే అతణ్ణి కారెంపూడికి నడిపింది.

ఈ కథనక్రమానికి మూలరూపం భారతంలో ఉంది. ద్యూతం, పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం, ఆపై యుద్ధం. తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో, అంటే ఓడినవారు మారుపేర్లతో దాగి ఉన్న కాలంతో ఆరంభించాడు. తెలుగునాట వానల కోసం చదివించుకొన్న పర్వం కూడా ఇదే. అందులో ధర్మరాజు ఎంచుకొన్న వేషం విశేషమైనది. జూదంలో సర్వస్వం పోగొట్టుకొన్నవాడు కంకుభట్టు పేరుతో విరాటరాజుకు జూదపు నెచ్చెలిగా కుదురుకొన్నాడు. తనను ఓడించిన ఆటలోనే తలదాచుకొన్నాడు. బృహన్నల వేషంలోని అర్జునుణ్ణి కౌరవ వృద్ధులు పోల్చుకొన్నది అతని విలువిద్య వల్ల. వేషం కప్పినా నేర్పు బయటపెడుతుంది. శ్రోత ఆ క్షణం కోసమే ఎదురుచూస్తాడు.

చైనా ధారావాహిక 'ది కింగ్స్ అవతార్' ఆకర్షణ సరిగ్గా ఈ క్షణంలోనే ఉంది. 2011లో అంతర్జాలంలో ధారావాహికగా మొదలైన నవల దీనికి ఆధారం. యానిమేషన్ రూపం 2017లో 12 భాగాలుగా వచ్చింది. 'గ్లోరీ' అనే ఆటలో అగ్రశ్రేణి ఆటగాడైన యె షియును క్లబ్బు పక్కన పెడుతుంది. ఏళ్ల తరబడి తాను తీర్చిదిద్దిన ఆటపాత్రను కొత్తవాడికి అప్పగించి అతడు వెళ్లిపోవాలి. నిబంధన ప్రకారం ఏడాది దాకా పోటీలకు తిరిగి రాకూడదు. ఒక ఇంటర్నెట్ కేఫులో రాత్రి కొలువు చేస్తూ, అదే ఆటలో మారుపేరుతో మొదటి మెట్టు నుండి మొదలుపెడతాడు. అతని వేళ్ల వేగాన్నీ ఎత్తుగడలనూ చూసి పాత ప్రత్యర్థులు ఒక్కొక్కరే అతణ్ణి పోల్చుకొంటారు. అవతారం అన్న మాట మన భాషల నుండి కంప్యూటర్ ఆటలలోకి వెళ్లి, ఇలా అజ్ఞాతవాస కథతో తిరిగి రావడం ముచ్చటైన విషయం.

1991 నాటి ఆటశాలల నేపథ్యంలో సాగే జపాన్ ధారావాహిక 'హై స్కోర్ గర్ల్' (2018) స్వభావం వేరు. అందులో సంపన్న కుటుంబపు బాలిక దాదాపు మాట్లాడదు. కఠినమైన ఇంటి శిక్షణ నుండి తప్పించుకొని వచ్చి ఆటయంత్రం ముందు కూర్చుంటుంది. ఆమె విదేశానికి వెళ్లిపోవడం, తిరిగి రావడం కథను నడుపుతాయి. వియోగమే ఇక్కడ ప్రవాసం.

ఈ కథలను వ్యసనప్రచారంగా కొట్టివేసే ధోరణికి ఒక భాషాకారణం కూడా ఉంది. తెలుగులో పందెం అంటే పోటీ, పందెం అంటే ఒడ్డిన సొమ్ము. చట్టం ఈ రెండింటినీ విడదీయడానికి చాలాకాలం పట్టింది. తెలంగాణ 2017లో తన 1974 నాటి జూద చట్టాన్ని సవరించి, సొమ్ము ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను సొమ్ము ఆటల నుండి వేరుచేసి గుర్తించిన కేంద్ర చట్టం 2025లో వచ్చింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 2023లోనే ఈ పోటీలకు పతకాలు ఇచ్చారు. వీక్షకుడు మాత్రం చట్టం కోసం ఆగలేదు. ఎంట్రెన్సులో ర్యాంకు తప్పి, తోటివారు కళాశాలకు వెళ్లగా 'లాంగ్ టర్మ్' శిక్షణలో మరో ఏడాది గడిపే విద్యార్థులు వరంగల్‌కు కొత్త కాదు. అటువంటివారికి యె షియు ఏడాది పరాయిదిగా తోచదు. ఆ ధారావాహికలో ఆట ఎంత ఉందో, కాచుకొని కూర్చోవడమూ అంతే ఉంది.

అయితే పాతకథకూ కొత్తకథకూ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. పాచికలతో పోయిన రాజ్యం పాచికలతో తిరిగి రాలేదు. కోడిపందెపు అన్యాయం కోడిపందెంతో తీరలేదు. ఆట దాటి కురుక్షేత్రానికో కారెంపూడికో వెళ్లక తప్పలేదు. యానిమేషన్ ధారావాహికలో నష్టం జరిగినదీ ఆటలోనే, దాన్ని పూడ్చుకొనేదీ ఆటలోనే. రక్తపాతం లేని ఈ పునరాగమనం వీక్షకుడికి ఊరటనిస్తుంది. పల్నాటి కథ మిగిల్చే బరువు ఇందులో లేకపోవడానికీ ఇదే కారణమని భావించవచ్చు.

కాని ఒక విషయంలో ఈ ధారావాహిక సభాపర్వానికి ఊహించనంత దగ్గరగా ఉంది. తన్ను తాను ఓడిన భర్తకు తనను ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది అడిగినది స్వామ్యానికి సంబంధించిన ప్రశ్న. యె షియు తొలి భాగంలో అప్పగించే ఆటపాత్ర పదేళ్ల శ్రమ ఫలం; పత్రాలలో మాత్రం అది క్లబ్బు ఆస్తి. అతడు వాదించడు. పాత్ర ఉన్న కార్డును కొత్తవాడికి ఇచ్చి, మంచు కురుస్తున్న వీధిలోకి నడుస్తాడు. ద్రౌపది ప్రశ్నకు కురుసభలో భీష్ముడు తేల్చి చెప్పలేకపోయాడు. ఈ సభలో అసలు ఆ ప్రశ్న అడిగినవారే లేరు.